నేల వాలితే పునాది కదిలినట్టేనా? నల్లరేగడిలో పాత ఇల్లు కొనడం గురించి

అద్దెఇంటి_మనిషి:
గుంటూరు దగ్గర 2007లో కట్టిన ఒక అంతస్తు ఇల్లు చూశాం. నల్లరేగడి నేల. హాల్లో నిమ్మకాయ పెడితే తిన్నగా ఈశాన్యం మూలకు దొర్లిపోయింది. "వాస్తు కోసం వాటం పెట్టారండీ" అన్నాడు బ్రోకరు. మా మామయ్యగారు మాత్రం పునాది కుంగిందంటున్నారు. పడగ్గదిలో నేల మధ్యలో గుంటలా ఉంది. గోడలకు కొత్తగా రంగు వేశారు, పగుళ్లేమీ కనబడలేదు. శనివారం బయానా ఇవ్వమంటున్నారు. టెన్షన్‌గా ఉంది, చెప్పండి.

కృష్ణాతీరం:
మీ మామయ్యగారి మాటే వినండి. నిమ్మకాయ దొర్లే ఇల్లు నాకొద్దు. నల్లరేగడిలో ఒకసారి కదలడం మొదలైతే ఆపేవాడు లేడు.

సైటు_సూపర్‌వైజర్:
అలా తేల్చేయకండి అన్నా. పంతొమ్మిదేళ్లుగా సైట్ల మీద ఉన్నాను. నేలను చూసి పునాది సంగతి చెప్పడం తప్పని నా గట్టి అభిప్రాయం. పిల్లర్ల ఇంట్లో నేల పునాది మీద ఉండదు. ప్లింత్ బీముల (పిల్లర్లను అడుగున కలిపే కాంక్రీటు దూలాల) మధ్య నింపిన మట్టి మీద ఉంటుంది. ఆ మట్టిని పొరలు పొరలుగా పోసి, నీళ్లు పట్టి, దిమ్మిస కొట్టకపోతే నాలుగేళ్లకు దిగిపోతుంది. అప్పుడు గది మధ్యలో గుంట పడుతుంది, స్కర్టింగుకీ (గోడ అడుగున వేసే టైల్ పట్టీకి) నేలకీ మధ్య సందు వస్తుంది, టైలు మీద తడితే డొల్ల చప్పుడు వస్తుంది. మీ పడగ్గది లక్షణం అదే అనిపిస్తోంది. టైల్స్ తీసి, మట్టి గట్టిపరిచి, మళ్లీ వేయించుకోవచ్చు. ఖర్చే గానీ ప్రమాదం కాదు. హాల్లో వాటం అంతా ఒకే తీరుగా ఈశాన్యానికి పోతుంటే బ్రోకరు నిజమే చెప్పి ఉండొచ్చు. మేస్త్రీలు అలా పెడతారు.

తెలుసుకోవడానికి లెవెల్ పైపు, అంటే మట్టం చూసే సన్నటి పారదర్శక గొట్టం చాలు. గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి, ఇల్లంతా గోడల మీద ఒకే మట్టంలో గుర్తులు పెట్టించండి. ఆ గుర్తు నుంచి కిందికి నేలదాకా, పైకి లింటెల్ (తలుపు, కిటికీల మీది కాంక్రీటు దూలం) దాకా, స్లాబు అడుగుదాకా టేపుతో కొలవండి. నేల ఒక్కటే దిగి, లింటెళ్లు, స్లాబు సమంగా ఉంటే పునాది జోలికి పోనక్కర్లేదు. కట్టేటప్పుడే అయిదు, పది మిల్లీమీటర్ల తేడా రావడం మామూలే. కానీ నేల, లింటెల్, స్లాబు మూడూ ఒకే మూలకు కలిసి దిగితే భయపడండి. ఆ మూలన తలుపు పట్టేస్తోందా, కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులుందా చూడండి. స్లాబు కింద అడ్డంగా వచ్చే సన్నపగులు మాత్రం చాలాసార్లు ఎండకు స్లాబు సాగి ముడుచుకోవడం వల్ల వచ్చేదే.

రెండోసారి_కొనను:
సూపర్‌వైజర్ గారూ, కొలతల గురించి మీరు చెప్పింది బాగుంది. కానీ ఎప్పుడు కొలవాలో చెప్పలేదు. మేం ఇల్లు చూసింది భాద్రపదంలో. గోడలు నున్నగా ఉన్నాయి, తలుపులన్నీ చక్కగా పడ్డాయి. మార్చి నుంచి పగుళ్లు విచ్చుకున్నాయి. ఏప్రిల్‌కి వంటింటి గోడలో నా చిటికెన వేలు దూరింది. గీకి చూస్తే లోపల పాత లప్పం, దానిమీద ఇంకో లప్పం. అమ్మినవాళ్లకు తెలుసు. ఆ రాత్రి నా భార్య ఏడ్చింది, ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ గొంతు పట్టుకుంటోంది.

నల్లరేగడి వానల్లో ఉబ్బి పగుళ్లు మూసేస్తుంది, ఎండల్లో ముడుచుకుని తెరుస్తుంది. వానాకాలంలో లెవెల్ పైపు అంతా బాగుందని చెబితే నమ్మి డబ్బు కట్టేయాలా? పైగా ఒక అంతస్తు ఇల్లు బరువు తక్కువ. ఉబ్బే మట్టిని అణచలేదు. మూడంతస్తుల ఇంటికంటే దానికే ఎక్కువ బాధ.

సైటు_సూపర్‌వైజర్:
ఒప్పుకుంటున్నాను. కాలం సంగతి ముందే రాయాల్సింది. అయినా కృష్ణాతీరం గారు అన్నట్టు ఆపేవాడు లేడనడం సరికాదు. ఈ నేలలో పైపైన సుమారు మూడున్నర మీటర్ల లోతు వరకే తడి ఆరడం, మళ్లీ చేరడం ఎక్కువగా జరుగుతుంది. అందుకే అడుగున బొడిపెలున్న అండర్ రీమ్డ్ పైళ్లు (నేలలోకి దింపే కాంక్రీటు స్తంభాలు) అంత లోతుకు దింపి, ప్లింత్ బీము కింద ఖాళీ వదులుతారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) వాళ్లు మన దేశంలో ప్రచారం చేసిన పద్ధతి అది. పునాది ఏ రకమో ఓనరును డ్రాయింగ్ అడగండి. మామూలు ఫుటింగులే (పిల్లర్ల కింది కాంక్రీటు దిమ్మెలే) అయితే ఇంటి చుట్టూ తడి ఎలా ఉందో చూడండి. కారే డ్రైనేజీ, గోడను ఆనుకుని వేపచెట్టు, వాననీళ్లు నిలిచే సందు ఉంటే ఒక మూల ఉబ్బి ఇంకో మూల ఎండిపోతుంది. చాలా ఇళ్లకు డ్రైనేజీ బాగుచేసి, చుట్టూ కాంక్రీటు అంచు వేశాక కదలిక బాగా తగ్గడం చూశాను.

రెండోసారి_కొనను:
తగ్గడం వేరు, ఆగడం వేరు. మా ఇంటికీ ఆ అంచు వేయించాం. ఏటా మేలో ఇప్పటికీ వెంట్రుకంత తెరుచుకుంటుంది.

అద్దెఇంటి_మనిషి:
ఆదివారం మేస్త్రీతో వెళ్లాం. హాలు వాటం ఒకే తీరుగానే ఉంది, అక్కడి లింటెళ్లు మట్టంగా ఉన్నాయి. పడగ్గదిలో స్కర్టింగు కింద సందుంది, టైల్స్ డొల్ల. ఇంతవరకు సూపర్‌వైజర్ గారి మాటే నిజమైంది. కానీ వాయవ్యంలో బాత్రూమ్ వైపు లింటెల్, స్లాబు రెండూ ఇరవై మిల్లీమీటర్లకు పైగా దిగాయి. ఆ గోడవతలే చెమ్మతో నల్లబడిన డ్రైనేజీ గుంత. మేస్త్రీ గోరుతో గీకితే లప్పం కింద కిటికీ మూల నుంచి ఏటవాలు పగులు బయటపడింది. ఓనరును అడిగి దాని మీద అడ్డంగా సన్నటి గాజు ముక్క అంటించి, పక్కన తేదీ రాశాం. గోడ కదిలితే అది పగులుతుంది. మే నెల దాకా ఆగమని అడిగాం. "వేరేవాళ్లు వస్తే ఇచ్చేస్తా" అన్నారు ఓనరు. సరేనన్నాం. బయానా ఇవ్వలేదు.