హాంగ్‌బావ్ ఫోన్‌లో పంపితే చాలా, ఎర్ర కవరే చేతికివ్వాలా?

పుంగోల్ వాసి: సింగపూర్‌లో చైనీస్ న్యూ ఇయర్ దగ్గర పడితే చాలు, హాంగ్‌బావ్‌కి, అంటే ఎర్ర కవర్లో పెట్టి ఇచ్చే పండగ డబ్బుకి, కొత్త నోట్లు కావాలని బ్యాంకుల దగ్గర క్యూలు. ఫోన్‌లోనే ఈ-హాంగ్‌బావ్ పంపుకోండి, లేదా వాడిన నోట్లలోనే శుభ్రంగా ఉన్నవి చూసి పెట్టండి అని ఇక్కడి మానెటరీ అథారిటీ (మన రిజర్వ్ బ్యాంకు లాంటిది) ఏటా మొత్తుకుంటూనే ఉంది. పండక్కని ఇచ్చిన కొత్త నోట్లలో చాలావరకు పండగ కాగానే వెనక్కి వచ్చేస్తాయి, మామూలు చలామణీకి అన్ని అక్కర్లేదు కాబట్టి నాశనం చేస్తారు. ఇంత తతంగం దేనికి? నా ఓటు ఫోన్‌కే. కాదనేవాళ్లు కారణం చెప్పండి, "సంప్రదాయం" అని ఒక్క ముక్కతో సరిపెట్టొద్దు.

ఈపో కోడలు: కారణం నేను చెప్తానండీ. మాది తణుకు, మెట్టింటివాళ్లు మలేసియాలో కాంటనీస్ వాళ్లు. మొదటి రోజు పొద్దున్నే మా అత్తగారు హాల్లో కూర్చుంటారు. మేం ఒక్కొక్కళ్లం వెళ్లి, రెండు కమలాపళ్లు రెండు చేతులతో అందించి, ఆరోగ్యంగా ఉండండని చెప్పాక ఆవిడ కవర్లు ఇస్తారు. ఇచ్చినవాళ్ల ముందు విప్పకూడదు. మా చిన్నాడు అక్కడికక్కడే చింపబోతే మా ఆయన వాడి చెయ్యి పట్టుకుని ఆపేశారు. ఫోన్‌లో అయితే ముందు కనబడేదే అంకె. ఆ అంకె దాచడానికే కదండీ కవరు!

లెక్కల పంతులు: ఎక్కడ దాగుతోందక్కా? పండగ ముందు "ఈ ఏడాది రేట్లు" అని లిస్టులు తిరుగుతాయి, అమ్మానాన్నలకి ఇంత, మేనల్లుళ్లకి ఇంత, ఆఫీసులో కుర్రాళ్లకి ఇంత అని. మన చదివింపులే నయం, పద్దు రాసి మైకులో చదివేస్తారు, దాపరికం లేదు. ఈ చైనీస్ వాళ్లకి మొత్తంలో 4 రాకూడదు, 8 వస్తే సంతోషం, బేసి అంకె చావింట్లో ఇచ్చే డబ్బుకి. పైగా పెళ్లయినవాళ్లు ఇవ్వాలి, కానివాళ్లు పుచ్చుకోవాలి. మా టీమ్‌లో ఒకావిడకి నలభై దగ్గర పడుతున్నా కవరుతో పాటు "పెళ్లెప్పుడు?" కూడా ఇస్తారట, అందుకే ఏటా ఆ సెలవుల్లో ఫ్లైటెక్కేస్తుంది. ఫోన్ అయితే ఆవిడకి ఆ టెన్షన్ ఉండదు.

షెంజెన్ రిటర్న్: ఎందుకుండదు బ్రో, వాయిస్ మెసేజ్ పెట్టి మరీ అడుగుతారు. చైనాలో ఈ ఫోన్ పిచ్చి 2014లో వీచాట్ అనే మెసేజింగ్ యాప్‌లోని ఎర్ర కవర్లతో అంటుకుంది. గ్రూపులో ఒకాయన కొంత మొత్తం పడేస్తాడు, యాప్ దాన్ని ఎలా పడితే అలా వాటాలేస్తుంది, ముందు నొక్కినవాడికే దక్కుతుంది. సరదాగానే ఉంటుంది, కాదనను. కానీ ఏడాదంతా వేరే ఊళ్లో పనిచేసి, రైలు టికెట్ కోసం అష్టకష్టాలు పడి ఇంటికొచ్చినవాడు కూడా అమ్మ వండిన చేప ముందు తలొంచుకుని ఫోన్ పొడుస్తుంటే చూడ్డానికి బాగోలేదు.

పుంగోల్ వాసి: పద్ధతులు మారితే పండగేం పోదు కదా. సింగపూర్‌లో 1970 పండక్కి టపాకాయల వల్ల మనుషులే పోయారు, 1972లో పూర్తిగా నిషేధించారు. అవి లేని లోటు తీర్చడానికే 1973లో చింగే ఊరేగింపు మొదలైంది, ఇప్పుడు అదే పెద్ద ఆకర్షణ.

ఈపో కోడలు: టపాకాయలు ప్రాణాలు తీశాయి కాబట్టి ఆపారు, కవరు ఎవరి ప్రాణం తీసిందండీ? పాత నోట్లే పెట్టండి, ఎవరొద్దన్నారు. ఇండోనేసియాలో 1967 నుంచి సుహార్తో ప్రభుత్వం చైనీస్ పండగలు బయట చేయనివ్వలేదు, 2000లో అధ్యక్షుడు వాహిద్ ఎత్తేశాక గానీ ఆ ఆంక్ష పోలేదు. అన్నేళ్లూ పండగ నిలిచింది ఇళ్లలోనే, ఇంటిల్లిపాదీ కలిసి తినడంతోనే. ఇంకోటి, ఈ కవర్లు మీకంత దండగైతే సింగపూర్‌లో మలయ్ వాళ్లు హరిరాయకి (రంజాన్ పండక్కి) ఆకుపచ్చవి, మనవాళ్లు దీపావళికి ఊదారంగువి ఎందుకు మొదలెట్టారు?

లెక్కల పంతులు: మనవాళ్లు ఏదైనా మొదలెడతారక్కా, అదో రుజువా! మీ అత్తగారి దగ్గర చిన్న నోటైనా చెల్లుతుందేమో. మా బాస్ పిల్లలకి 2 డాలర్లు పెట్టి ఇవ్వమనండి ఎవరినైనా, చూద్దాం. కవరు మీద పేరు రాయకపోయినా దాని డిజైన్‌ని బట్టో, బ్యాంకు గుర్తుని బట్టో ఎవరిచ్చారో ఇంటికెళ్లాక తల్లులు ఇట్టే పట్టేస్తారు.