45.5 టన్నుల ట్రైలర్‌కి ఎయిరా, కమాన్ కట్టలా?

లోడుచిట్టా:
చర్చ గాల్లో పోకుండా ఒక బండి ముందు పెట్టుకుందాం. 4×2 ట్రాక్టర్ (రెండు యాక్సిళ్ల లాగే బండి, వెనక యాక్సిలే డ్రైవ్), వెనక మూడు యాక్సిళ్ల 40 అడుగుల ట్రైలర్. 2018 జూలైలో పెంచిన పరిమితుల ప్రకారం ముందు యాక్సిల్ 7, డ్రైవ్ యాక్సిల్ 11.5, వెనక మూడింటికీ కలిపి 27. మొత్తం 45.5 టన్నులు. పనులు రెండు. ఒకటి, భీమవరం నుంచి విశాఖ పోర్టుకి రొయ్యల రీఫర్ (సరుకును చల్లగా ఉంచే) కంటైనర్లు, తిరుగు ప్రయాణం ఖాళీ కంటైనర్‌తో. రెండోది, చీమకుర్తి నుంచి కృష్ణపట్నానికి గ్రానైట్ దిమ్మలు. ఏ పనికి ఏ సస్పెన్షన్: గాలి బెలూన్ల మీద కూర్చునే ఎయిరా, ఇనప పట్టీలు పేర్చిన కమాన్ కట్టలా? "షోకు", "పాత చింతకాయ పచ్చడి" లాంటి మాటలు వద్దు, లెక్కలతో రండి.

పట్టీమేస్త్రి:
రెంటికీ కమానే. పట్టీ విరిగితే ఎక్కడ విరిగిందో చూస్తే చాలు, కారణం అదే చెబుతుంది. సెంటర్ బోల్టు (పట్టీలన్నిటినీ మధ్యలో కలిపేది) దగ్గర విరిగితే, కట్టను యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు వదులయ్యాయి. కన్ను (పట్టీ కొసన ఉండే చుట్ట) దగ్గర విరిగితే ఓవర్‌లోడో, దాని లోపలి బుష్ పట్టేయడమో. కట్ట మార్చాక లోడుతో 500 నుంచి 1000 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ టార్క్ రెంచ్‌తో బిగించాలి. ఇది చెయ్యని బండ్లకే పట్టీలు మాటిమాటికీ పోతాయి. ఇంకో తప్పు, పాత కట్టలో ఒక్క కొత్త పట్టీ దూర్చడం. కొత్తదానికి వంపు ఎక్కువ కాబట్టి బరువంతా అదే మోసి ముందు అదే విరుగుతుంది. మారిస్తే ఎడమా కుడీ కలిపి జత మార్చాలి.

ఇవన్నీ రోడ్డు పక్క షాపులో అయిపోయే పనులు. బెలూన్ చిరిగితే ఆ సైజు బెలూన్ అన్నవరం దగ్గర దొరుకుతుందా?

నాలుగుబార్:
మేస్త్రిగారూ, కట్ట ఎలా విరుగుతుందో చెప్పారు. లోపల సరుకుకీ, ఛాసిస్‌కీ ఏమవుతుందో చెప్పలేదు.

స్ప్రింగ్ లోడు కింద ఎంత దిగిందో సెంటీమీటర్లలో తీసుకుని, దాని వర్గమూలంతో 5ని భాగిస్తే సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో దాదాపుగా వస్తుంది. కట్ట మీద యాక్సిల్‌కి 8 టన్నులు పడి 28 మిల్లీమీటర్లు దిగిందనుకోండి, 3 హెర్ట్జ్. తిరుగు ప్రయాణంలో అదే యాక్సిల్ మీద 2 టన్నులే ఉంటాయి, కట్ట 7 మిల్లీమీటర్లే దిగుతుంది, 6 హెర్ట్జ్. అంటే ఖాళీ బండిలో కమాన్ దాదాపు కర్రదుంగే.

బెలూన్‌లో బరువు తగ్గితే ఒత్తిడీ తగ్గుతుంది, దాంతోపాటే బిగువూ తగ్గుతుంది. అందుకే నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా 1.5 హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది. పివట్ నుంచి యాక్సిల్ 500, యాక్సిల్ నుంచి బెలూన్ 380 మిల్లీమీటర్లున్న ట్రెయిలింగ్ ఆర్మ్ (ఛాసిస్ నుంచి వెనక్కి వచ్చి యాక్సిల్‌ని పట్టుకునే చేయి) తీసుకోండి. యాక్సిల్‌కి ఒక్కో పక్కన 4 టన్నులు పడితే బెలూన్ మీదికి వచ్చేది 2.27 టన్నులు. పనిచేసే వైశాల్యం 570 చదరపు సెంటీమీటర్లయితే దాదాపు 4 బార్. ఖాళీలో 1 బార్. మరి రీఫర్ ట్రైలర్ సగం కిలోమీటర్లు ఖాళీగానే తిరుగుతుంది కదా.

పట్టీమేస్త్రి:
గడ్డకట్టిన రొయ్యకి కుదుపేం చేస్తుందండీ, రాయిలా ఉంటుంది.

నాలుగుబార్:
రొయ్యకి ఏమీ కాదు. రీఫర్ యూనిట్‌లో రాగి పైపుల అతుకులకి అవుతుంది. గ్యాస్ కారిపోతే −18 డిగ్రీలు నిలబడవు, అప్పుడు రొయ్యకీ అవుతుంది.

కొలతబద్ద:
ఇద్దరూ ఊపును ఆపే షాక్ అబ్జార్బర్ (షాకు) ఊసే ఎత్తలేదు. నా లెక్కలో అసలు తేలాల్సింది అక్కడే.

కమాన్ పట్టీలు ఒకదానిమీద ఒకటి రాసుకుంటాయి, ఆ రాపిడే ఊపును ఆపుతుంది. దాని చెడ్డగుణం కూడా అదే: చిన్న గతుకుకి రాపిడి తెగక కట్ట అసలు కదలదు, అప్పుడు స్ప్రింగ్‌గా పనిచేసేది టైరొక్కటే. నున్నటి హైవే మీద కూడా కమాన్ బండి గలగలలాడేది ఇందుకే. మధ్యలో మందంగా, కొసలకి పలచగా ఉండే మూడు నాలుగు పట్టీల పారబోలిక్ కట్టలో ఈ జబ్బు తక్కువ. పట్టీలు మధ్యలో, కొసల్లో తప్ప తగలవు. కానీ రాపిడి తగ్గింది కాబట్టి దానికీ షాకులు తప్పనిసరి.

బెలూన్‌లో రాపిడి దాదాపు లేదు. ఊపు ఆపే పనంతా షాకులదే. అవి చచ్చిపోయిన ఎయిర్ బండి కమాన్ బండికంటే ఎక్కువగా రోడ్డును కొడుతుంది. ఊరి ముందు రంబుల్ స్ట్రిప్స్ 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయనుకోండి. గంటకి 25 కిలోమీటర్లతో వెళ్తే సెకనుకి 11, 12 దెబ్బలు. యాక్సిల్ తనంతట తాను ఎగిరే వేగం కూడా సుమారు అంతే. షాకు పనిచెయ్యకపోతే చక్రం నేల వదిలి దూకుతుంది. అలాంటి బండి టైరుకి చుట్టూ గుంటలు గుంటలుగా అరుగుదల కనిపిస్తుంది, చేత్తో తడిమినా తెలుస్తుంది.

యూరప్‌లో అంతా ఎయిరే అని కొందరు ఊగిపోతారు. అక్కడ దానికి చట్టం ఆశ చూపింది. 1996 నాటి యూరోపియన్ యూనియన్ 96/53 ఆదేశం ప్రకారం జంట డ్రైవ్ యాక్సిళ్లకి 18 టన్నులు. జంట టైర్లతో పాటు ఎయిర్ గానీ దానికి సమానమైనది గానీ ఉంటే 19. "సమానం" అంటే ఏమిటో కూడా రాశారు: ఊపు 2 హెర్ట్జ్ దాటకూడదు, డాంపింగ్ (ఊపును ఆపే శక్తి) క్రిటికల్‌లో, అంటే అసలు ఊగకుండానే ఆగిపోయే స్థాయిలో, 20 శాతానికి మించాలి, అందులో కనీసం సగం షాకులే ఇవ్వాలి. చట్టం బెలూన్‌కి కాదు, పనితనానికి మార్కులేసింది.

ఎర్రమట్టి:
గ్రానైట్ సంగతి మర్చిపోయారన్నా. 3 మీటర్లు × 1.8 × 1.6 దిమ్మంటే 8.64 ఘనపు మీటర్లు. నల్లరాయి ఘనపు మీటరు 2.9 టన్నులకి తక్కువుండదు, అంటే ఒక్క దిమ్మే 25 టన్నులు. క్రేన్‌తో దించేటప్పుడు సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. 10 సెంటీమీటర్లు పక్కకి పడిందంటే, కట్టల మధ్య దూరం 1.1 మీటర్లున్న బండిలో ఒక పక్క రెండు టన్నులపైన ఎక్కువ, అవతలి పక్క అంతే తక్కువ. కమాన్ కొంచెం ఒరిగి ఆగిపోతుంది. ఒకే లెవెలింగ్ వాల్వ్ (బండి ఎత్తును బట్టి బెలూన్లకి గాలి ఎక్కించి దించేది) ఉన్న ఎయిర్ బండిలో రెండు పక్కల బెలూన్లూ కాసేపటికి ఒకే ఒత్తిడికి వచ్చేస్తాయి. ఇక ఒరుగుదల ఆపేది ఆర్ములూ యాక్సిల్ బిగింపే.

క్వారీ బాటలో ఇంకో పీడ, కంకర. బెలూన్ కింద పిస్టన్ మీద రాతిపొడి, చిన్న రాళ్లు చేరి, రబ్బరు మడతపడే ప్రతిసారీ ఆకురాయిలా గీస్తాయి. ఎత్తూపల్లాల్లో మూడు యాక్సిళ్లూ నేల పట్టుకోవడానికి, పక్క యాక్సిళ్ల కట్టల మధ్య బరువు పంచే ఈక్వలైజర్ చాలు.

నాలుగుబార్:
గ్రానైట్‌కి కమాన్ అంటే నేనూ ఒప్పుకుంటా. క్వారీ బాటలో బెలూన్ బతకదు. కానీ ఈక్వలైజర్‌ని అంతలా పొగడకండి. గట్టిగా బ్రేక్ వేస్తే అది ఒక యాక్సిల్ బరువును పక్క యాక్సిల్ మీదికి తోసేస్తుంది. తేలికైన చక్రం లాక్ అయి టైరు ఒకచోట బల్లపరుపుగా అరుగుతుంది. యాక్సిల్‌ని దాని స్థానంలో నిలిపే టార్క్ రాడ్ బుష్‌లు అరిగితే యాక్సిల్ వంకరపోతుంది. కింగ్‌పిన్ (ట్రైలర్‌ని ట్రాక్టర్‌కి తగిలించే పిన్ను) నుంచి మొదటి యాక్సిల్ రెండు కొసలకీ కొలిస్తే తేడా 3 మిల్లీమీటర్లు దాటకూడదు. అక్కడి నుంచి తర్వాతి యాక్సిళ్లకి 1.5. మీ దగ్గర ఎన్ని బండ్లకి ఈ కొలత తీస్తున్నారు?

కొలతబద్ద:
ఈక్వలైజర్ లేకపోయినా బెలూన్లు బరువు సమంగా పంచుతాయన్నది కూడా సగం నిజమే. నిలబడి ఉన్నప్పుడు పంచుతాయి. పరుగులో ఒక చక్రం గతుకు దాటేది సెకనులో చిన్న ముక్క. వేలంత పైపులోంచి ఆ గాలి పక్క బెలూన్‌కి చేరేలోపే గతుకు వెనకబడిపోతుంది.

లోడుచిట్టా:
సరే, రీఫర్‌కి ఎయిర్ అనుకుందాం. దారిలో బెలూన్ పేలితే బ్రేకులు కూడా పోతాయా? డ్రైవర్ల మొదటి భయం ఇదే.

నాలుగుబార్:
పోకూడదు. మధ్యలో ప్రొటెక్షన్ వాల్వ్ ఉంటుంది. బ్రేకు ట్యాంకులో సుమారు 6 బార్ దాటితేనే సస్పెన్షన్‌కి గాలి వదులుతుంది, ఒత్తిడి పడిపోతే మూసుకుంటుంది. ఖర్చని దాన్ని తీసేసి నేరుగా పైపు కలిపే ఫిట్టర్లున్నారు, ఆ బండి కిందికి వంగి ముందు అది చూడండి. పేలిన బెలూన్ పైపును ప్లగ్‌తో మూసి, బంప్ రబ్బర్ల మీద కూర్చోబెట్టి, నెమ్మదిగా దగ్గరి షెడ్డు దాకా పోవచ్చు. బెలూన్ పేలితే ముందు లెవెలింగ్ వాల్వ్ కడ్డీ చూడాలి. కడ్డీ ఊడి వాల్వ్ చేయి పైకి తిరిగిపోతే గాలి ఆగకుండా ఎక్కి బండి లేస్తుంది, షాకు బోల్టులు తెగుతాయి.

ఎత్తు సెట్ చేసే పద్ధతి: చదును నేల, ట్రాక్టర్ తగిలించి ఉండాలి, చక్రాలకి దిమ్మెలు పెట్టి ట్రైలర్ పార్కింగ్ బ్రేక్ వదలాలి. బ్రేక్ పట్టి ఉంటే ఆర్మ్ కదలక తప్పు ఎత్తు చూపిస్తుంది. ట్యాంకులో ఒత్తిడి నిండాక కడ్డీ విప్పి, వాల్వ్ చేతిని పైకీ కిందికీ ఆడించి, ఫ్రేమ్ అడుగు నుంచి యాక్సిల్ మధ్యకి కంపెనీ చెప్పిన కొలత తెచ్చి, వాల్వ్‌ని తటస్థంలో పిన్నుతో నిలిపి కడ్డీ బిగించాలి. తేడా 5 మిల్లీమీటర్లలోపు. పిన్ను తియ్యడం మర్చిపోయి రోడ్డెక్కిన బండ్లు ఎన్నో.

పట్టీమేస్త్రి:
ఇంత పని కమాన్‌కి లేదు కదండీ.

నాలుగుబార్:
లేదు. అరిగిన కంప్రెసర్ వదిలే నూనె, గాలిలో తేమ తీసే డ్రయ్యర్‌ని పాడుచెయ్యడం, వారానికోసారి ట్యాంకు నీళ్లు వదలడం, కీళ్లకి సబ్బు నీళ్లు కొట్టి బుడగలు చూడడం, ఇవీ లేవు. పోర్టులో క్రేన్ కంటైనర్ ఎత్తే ముందు డంప్ వాల్వ్‌తో గాలి దించడమూ లేదు. అది మరిస్తే బరువు పోయిన క్షణంలో 4 బార్ గాలి ఛాసిస్‌ను పైకి విసురుతుంది. ఆ దెబ్బ షాకులే తింటాయి.

కొలతబద్ద:
అందుకే రీఫర్‌కి ఎయిర్ కొనేవాళ్లు షాకుల మార్పిడి ఖర్చు మొదటి రోజే లెక్కలో రాసుకోవాలి. చూడడం తేలిక. లోడు బండి గంటసేపు నడిచి ఆగగానే షాకులన్నిటినీ చేత్తో ముట్టుకోండి. పనిచేసేవి వెచ్చగా ఉంటాయి. చల్లగా ఉన్నది చచ్చిపోయింది.

ఎర్రమట్టి:
వెచ్చగా ఉండి నూనె కారుతుంటే?

కొలతబద్ద:
పైన సన్నగా చెమ్మ, దాని మీద దుమ్ము ఉంటే పర్వాలేదు. ధారగా కారి కింది బుష్ దాకా వస్తే మార్చాలి, ఒక్కటి కాదు, ఆ యాక్సిల్‌కి రెండూ.