‘ప్రేమికుల దినం’ అనొచ్చా?

ఫిబ్రవరి 14కి ఎవరో ‘ప్రేమికుల దినం’ అని పోస్టర్ వేసి పంపారు. మా అమలాపురం వైపు దినం అంటే ఎవరో పోయారనే. చిన్నదినం, పెద్దదినం, దినవారాలు. ‘దినం ఎప్పుడండీ?’ అంటే భోజనాలకి ఎప్పుడు రావాలని అడిగినట్టు. హాయిగా రోజు అనక ఈ దినం ఎందుకు? మిగతా జిల్లాల్లో ఎలా వినిపిస్తుంది?

— దినోత్సవం అంటే సరి. దినపత్రిక, దినకూలీ అంటూనే ఉన్నాం కదండీ, ఎవరికీ చావు గుర్తు రాదు. మాట ఒంటరిగా వస్తేనే తంటా.

— నన్నడిగితే ఆ పోస్టర్ వేసినవాడు తెలియక నిజమే రాశాడు. అది వాలెంటైన్ దినమే! ఆయన 3వ శతాబ్దంలో రోమ్‌లో మతం కోసం ప్రాణాలిచ్చిన క్రైస్తవుడు. పునీతుల పండుగ మామూలుగా వాళ్లు పోయిన రోజునే చేస్తారు, మనం త్యాగరాజస్వామి ఆరాధన పుష్య బహుళ పంచమినాడు చేసినట్టు. దొంగచాటుగా పెళ్లిళ్లు చేయించాడనే కథ చాలా తర్వాత అల్లింది. 1969లో క్యాథలిక్కుల సార్వత్రిక పంచాంగంలోంచి ఆయన పండుగ తీసేశారు కూడా. అయినా ఎవడు ఆగాడు?

— మరి ప్రేమ ఎక్కడ తగులుకుంది మాస్టారూ?

— 14వ శతాబ్దం చివర్లో. పక్షులన్నీ ఆ రోజు సభ తీరి జోడు ఎంచుకుంటాయని ఇంగ్లీషు కవి చాసర్ రాశాడు. చీటీలు, లేసు అంచు కార్డులు ఆ తర్వాతి సంగతి. 1840లో బ్రిటన్‌లో తపాలా చవకయ్యాక కార్డులకి అడ్డే లేదు. నాకు మాత్రం వేల్స్ వాళ్ల పద్ధతి నచ్చింది. కుర్రాడు చెక్కతో చెంచా చెక్కి, దాని కాడ మీద గుండె, గొలుసు, తాళంచెవి తీర్చి పిల్లకిచ్చేవాడు. 1667 నాటిది ఒకటి కార్డిఫ్ దగ్గర మ్యూజియంలో ఉంది. కొనేది కాదు, చెయ్యి నొప్పెట్టాలి.

— చెంచాలూ గులాబీలూ మనకెందుకండీ, మన్మథుడి అయిదు బాణాలుండగా? ‘అరవిందమశోకం చ చూతం చ నవమల్లికా నీలోత్పలం చ’. తామర, అశోకం, మామిడిపూత, నవమల్లిక, నల్లకలువ. గులాబీ ఊసే లేదు.

— ఆయ్, శ్లోకం బానే ఉంది. కడియపులంక పూల మార్కెట్‌కెళ్లి అశోకపువ్వు కావాలని అడిగి చూడండి, నవ్వుతారు. మా తోటలో ఇప్పుడు దొరికేది మామిడిపూత ఒక్కటే. అది తుంచి ఎవరికైనా ఇచ్చానంటే మా నాన్న కర్ర తీస్తాడు.