అద్దె ఇంటి గ్యారేజీ డోర్‌ని కారుతో గుద్దేశాను, డబ్బు నేనే కట్టాలా?

నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర, ఈమధ్యే డల్లాస్ వచ్చాం. నిన్న పొద్దున డోర్ పూర్తిగా లేవకముందే రివర్స్ తీసేశాను. కింది రెండు పలకలు బయటికి ఉబ్బిపోయాయి, డోర్ జారే పక్క రైలు పట్టీ వంగింది. ఓనరుగారు మన భీమవరం ఆయనే. మూడు వేల డాలర్లు జెల్ (ఫోన్లో బ్యాంకు నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి) చేసెయ్, మన మధ్య ఇన్సూరెన్సులెందుకు అంటున్నారు. మా నాన్నగారూ ఇచ్చేసి గొడవ వదిలించుకోమంటున్నారు. నాకు రెంటర్స్ ఇన్సూరెన్స్ (అద్దెకుండేవాళ్లు తీసుకునేది) ఉంది, అందులో వస్తుందాండి?

— తమ్ముడూ, మాది అమలాపురం. కంగారు పడకు, కానీ జెల్ మాత్రం అప్పుడే కొట్టకు. రెంటర్స్‌లో రాదు. ఆ పాలసీలో లయబిలిటీ, అంటే మనవల్ల ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికి కవరేజీ, ఉంటుంది గానీ రోడ్డు మీద తిరిగే బండి వల్ల జరిగిన నష్టాన్ని మామూలుగా అందులోంచి తీసేస్తారు. నీకు పనికొచ్చేది కారు పాలసీయే. టెక్సస్‌లో చట్టం అడిగే కనీస పాలసీలో కూడా ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి 25,000 డాలర్ల దాకా ఉంటుంది, దానికి డిడక్టబుల్ (ముందు మనం జేబులోంచి పెట్టుకోవాల్సిన వాటా) ఉండదు. నీ బంపర్ సంగతి వేరు, కొలిజన్ (గుద్దినప్పుడు మన బండి రిపేరుకి ఇచ్చే కవరేజీ) తీసుకుని ఉంటేనే వస్తుంది, డిడక్టబుల్ పోను.

ఇక్కడొక మెలిక ఉంది. నువ్వు అద్దెకు తీసుకున్న ఆస్తికి నష్టమైతే ఇవ్వం అని కారు పాలసీల్లో ఒక లైను ఉంటుంది, అది చూసి చాలామంది మనకి రాదులే అని వదిలేస్తారు. కానీ మామూలుగా వాడే పాలసీ భాషలో ఆ లైను కిందే, నివాసమున్న ఇంటికి, సొంతానికి వాడుకునే గ్యారేజీకి ఇది వర్తించదు అని మినహాయింపు ఉంటుంది. నీ కాగితం తీసి ఆ పేజీ చదువుకో, ఫోన్లో అమ్మాయి కుదరదంటే అదే చూపించు.

మన ఊళ్లో ట్రాక్టరు గోడకి తగిలితే మేస్త్రీని పిలిచి సిమెంటు డబ్బులిచ్చేస్తాం, అక్కడితో సరి. అక్కడా కారు పాలసీలో ఎదుటివాళ్ల ఆస్తికి 7.5 లక్షల రూపాయల వరకు ఉంటుంది, అడిగినవాడే లేడు. మీ నాన్నగారు ఆ లెక్కలో చెబుతున్నారు, ఆయన తప్పేం లేదు. ఇక్కడ కంపెనీకి చెప్పకుండా నువ్వే ఒప్పుకుని కట్టేస్తే తర్వాత వాళ్లు చేతులెత్తేయొచ్చు. అందుకని ముందు ఫోటోలు తియ్యి, ఓనరుగారికి జరిగింది జరిగినట్టు మెసేజ్ పెట్టు, డోర్ వాళ్ల దగ్గర రాతపూర్వకంగా ఎస్టిమేట్ అడుగు. ఊరివాళ్లం కదా అన్న మొహమాటం కాగితం దగ్గర పనికిరాదు. ఎస్టిమేట్ ఏ ఐదారొందలో అయితే క్లెయిమ్ వద్దులే, అసలే కొత్తవాళ్లకి ప్రీమియం ఎక్కువ, ఇంకా పెంచుతారు. అప్పుడు రసీదు తీసుకుని నువ్వే కట్టెయ్. మూడు వేలంటే మాత్రం క్లెయిమే మేలు.

— అన్నయ్యగారు చెప్పింది కరెక్టేనండి. ఇల్లు మారేటప్పుడు అద్దె ట్రక్కు తెస్తే మాత్రం ఇంకో గొడవ. పెద్ద ట్రక్కుల్ని చాలా కారు పాలసీలు ఒప్పుకోవు, క్రెడిట్ కార్డు కవరేజీ కూడా మామూలుగా రాదు. కౌంటర్లో అమ్మే డ్యామేజ్ వెయివర్ (ట్రక్కు పాడైతే మన దగ్గర వసూలు చెయ్యం అనే ఒప్పందం) వాళ్ల ట్రక్కుకే గానీ మీరు గుద్దిన ఇంటికి కాదు, పైకప్పు చూరుకి తగిలితే ట్రక్కు నష్టం కూడా చాలాసార్లు దాంట్లో రాదు. లయబిలిటీ విడిగా అడిగి తీసుకోండి.

— తమ్ముడూ, డిపాజిట్‌లో కోసుకుంటానని ఓనరుగారంటే ఒకటి గుర్తుపెట్టుకో. ఖాళీ చేసి కొత్త అడ్రస్ రాసిచ్చాక 30 రోజుల్లోపు డిపాజిట్ తిరిగివ్వాలి, కోస్తే దేనికెంతో లిస్టు రాసివ్వాలి. క్లెయిమ్ డబ్బు ఆయనకి ముట్టాక అదే డోర్‌కి మళ్లీ కోస్తే ఊరుకోకు.