ఇష్టంగా కుట్టిన మగ్గం పనే ఇప్పుడు బరువైంది, ఏం చేయమంటారు?

అందరికీ నమస్కారం. మాది తెనాలి. ఆరేళ్ల కిందట కాలక్షేపానికి మగ్గం వర్క్ నేర్చుకున్నా. గుడ్డను చట్రానికి బిగించి, కింద ఎడమ చేత్తో జరీ దారం అందిస్తూ పైనుంచి ఆరి సూది గుచ్చి లాగితే ఒక్కో గొలుసు కుట్టు లేచి వస్తుంది చూడండి, అది చూస్తుంటే టైమే తెలిసేది కాదు. మా అత్తయ్య అన్నానికి మూడుసార్లు పిలవాల్సొచ్చేది.

ఇప్పుడదే సంపాదన. శ్రావణ మాసం వస్తోందంటే పెళ్లి జాకెట్లు వరసగా పడతాయి. అందరికీ ఫోన్లో చూసిన ఆ నెమళ్లే కావాలి. డబ్బులొస్తున్నాయి, కాదనను. కానీ మొన్న మూఢమొచ్చి ఖాళీ దొరికితే, నా పాత చీర కొంగు మీద ఊరికే తంగేడు పూలు కుడదామని కూర్చున్నా. పది నిమిషాలకే 'దీనికి ఎంత తీసుకోవచ్చు' అని మనసులో లెక్క మొదలైంది. సూది పక్కన పెట్టేశా. ఆ కొంగు ఇంకా చట్రం మీదే ఉంది, దుమ్ము పడకుండా పాత పంచె కప్పాను.

కుట్టుపని, వంట, సంగీతం, ఏదైనా ఇష్టంతో మొదలెట్టి బతుకుతెరువుగా మార్చుకున్నవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు? సొంతానికి వేరే రోజు పెట్టుకుంటారా, ఆర్డర్లలోనే మీకు నచ్చింది ఇరికిస్తారా? మానెయ్యమని మాత్రం చెప్పకండి, ఆ మాట మా ఆయన రోజూ చెబుతూనే ఉన్నారు.