పెన్నేరుగడ్డ (అశ్వగంధ)లోని వితాఫెరిన్-ఎ అనే అణువు నిజంగా ఫెరోప్టోసిస్‌తోనే (ఇనుము వల్ల పొరలోని కొవ్వులు పాడై కణం చావడం) క్యాన్సర్ కణాన్ని చంపుతోందా?

కణశోధకి
2018లో న్యూరోబ్లాస్టోమా (పిల్లల్లో వచ్చే నాడీకణాల క్యాన్సర్) కణాల మీద వచ్చిన పని చూశాక కూడా ఈ అనుమానం ఎందుకో నాకర్థం కాదు. వితాఫెరిన్ 10 మైక్రోమోలార్ గాఢత దగ్గర, పొరలోని కొవ్వులను కాపాడే జీపీఎక్స్4 ఎంజైమును పడగొడుతుంది. 1 మైక్రోమోలార్ దగ్గర దారి వేరు: కీప్1 అనే ప్రోటీన్‌ను పట్టుకుని, అది ఆపి ఉంచే ఎన్ఆర్ఎఫ్2ను వదిలిస్తుంది, హీమ్‌ను విడగొట్టే హీమ్ ఆక్సిజనేజ్-1 ఎంజైము పెరుగుతుంది, హీమ్‌లోంచి ఇనుము బయటపడుతుంది. ఏ దారైనా చివరికి పొరలోని కొవ్వులు పెరాక్సైడ్లవుతాయి. ఎన్ఏసీ (ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే యాంటీఆక్సిడెంట్) పోస్తే కణాలు బతుకుతాయి. ఇంకేం రుజువు కావాలి?

బయోకెం_వరంగల్
ఆ ఎన్ఏసీయే రుజువు కాదండీ. వితాఫెరిన్ థయాల్ (గంధకం-హైడ్రోజన్ జంట) దొరికితే అతుక్కునే అణువు, ఎన్ఏసీలో ఉన్నది థయాలే. రెండూ మీడియంలోనే (కణాలు పెరిగే ద్రవం) కలిసిపోతాయి, మందు కణం దాకా చేరదు. మందే అందనప్పుడు కణం ఏ పద్ధతిలో చావబోయిందో మీకెలా తెలుస్తుంది? పిప్పళ్లలోని పైపర్‌లాంగుమిన్‌తోనూ ఇదే చిక్కు. థయాల్ లేకుండా ఫెరోప్టోసిస్‌ను ఆపే ఫెరోస్టాటిన్-1ను 1 నుంచి 2 మైక్రోమోలార్ వాడండి. ప్లేటులోని పక్క గుంటల్లో (వెల్స్) అపోప్టోసిస్ అనే కణమరణాన్ని ఆపే జీ-వ్యాడ్ 20 మైక్రోమోలార్, నెక్రోప్టోసిస్ అనే ఇంకో రకాన్ని ఆపే నెక్రోస్టాటిన్ పెట్టండి. మొదటిదొక్కటే కాపాడితే అప్పుడు మాట్లాడదాం.

కణశోధకి
ఎన్ఏసీ ఒక్కటే పట్టుకుని కూర్చున్నారు. ఇనుమును బంధించే డిఫెరోక్సమిన్ కూడా కాపాడుతుంది కదా?

బయోకెం_వరంగల్
ఎప్పుడు పోశారన్నదాన్ని బట్టి ఉంటుంది. కణం తన పొరతో చుట్టి లోపలికి లాక్కునే పద్ధతిలో (ఎండోసైటోసిస్) అది మెల్లగా లోపలికి వెళ్తుంది. 100 మైక్రోమోలార్‌ను మందుతో పాటే పోస్తే ఆలస్యమైపోతుంది, కొన్ని గంటల ముందే ఇవ్వాలి. ఇంకో మెలిక మలేరియా మందు ఆర్టిసునేట్‌ది. దాని పెరాక్సైడ్ వంతెన తెగడానికే ఫెర్రస్ ఇనుము కావాలి. ఇనుము తీసేస్తే ఆ మందు మేల్కొనదు. అక్కడ ఇనుము అవసరం మందుదా, చావుదా అన్నది డిఫెరోక్సమిన్ తేల్చలేదు.

ఫ్లోబెంచ్
పసుపు మీద పనిచేసేవాళ్లకు ఒక మాట. కొవ్వుల పెరాక్సీకరణను చూపే సి11-బోడిపి రంగు ఆక్సీకరణం చెందితే వెలుగు 590 నుంచి 510 నానోమీటర్ల వైపు జరుగుతుంది. పసుపులోని కర్క్యుమిన్ తనంతట తానే ఆ ఆకుపచ్చ ఛానెల్‌లో వెలుగుతుంది. రంగు వేయకుండా మందు మాత్రమే ఇచ్చిన కణాల గొట్టం ఒకటి లేకపోతే ఆ గ్రాఫ్‌ను నమ్మవద్దు. రంగు 2 మైక్రోమోలార్, 30 నిమిషాలు. కణాలు పగలకముందే చదవాలి, చచ్చిన కణాలు ఏదైనా చూపిస్తాయి.

ప్లేట్‌రీడర్
బతికున్న కణాలను ఊదారంగుతో లెక్కించే ఎంటీటీ పరీక్ష కూడా వద్దు. పసుపులోని కర్క్యుమిన్ లాంటి పాలీఫినాల్స్ కణాలు లేకుండానే ఊదారంగు తెప్పిస్తాయి. మందు, మీడియం మాత్రమే ఉన్న వెల్ పెట్టండి. ఒత్తుగా పెరిగిన కణాలు ఫెరోప్టోసిస్‌కు అంత తేలిగ్గా లొంగవు, అందుకని ప్రతిసారీ ఒకే సంఖ్యలో వేయండి.

కణశోధకి
బయోకెం గారూ, మీరు చెప్పిన పరీక్ష ఆ 2018 పనిలోనే ఉంది. ఫెరోస్టాటిన్-1 కాపాడింది. మీరు చదవకుండానే నన్ను విద్యార్థినిలా దిద్దుతున్నారు. మొక్క పేరు వినబడగానే మీకు కోపమొస్తుంది, ఇదే అణువు ఏ కంపెనీ సీసాలోనో వస్తే ఇన్ని ప్రశ్నలు వేసేవారు కాదు.

బయోకెం_వరంగల్
చదివాను. అందుకే, మీరు ఫెరోస్టాటిన్‌ను వదిలేసి ఎన్ఏసీని ముందుకు ఎందుకు తెచ్చారని అడుగుతున్నాను. నా కోపం మొక్క మీద కాదు. 10 మైక్రోమోలార్ అంటే ఎంతో లెక్కేశారా? అణుభారం 470 చిల్లర, అంటే మిల్లీలీటరుకు సుమారు 4,700 నానోగ్రాములు. ముంబైలో ఆస్టియోసార్కోమా (ఎముక క్యాన్సర్) రోగులు 13 మందికి వితాఫెరిన్ పాళ్లు పెంచిన అశ్వగంధ సారాన్ని నోటి ద్వారా ఇచ్చారు, రోజుకు 216 మిల్లీగ్రాముల వితాఫెరిన్ దాకా వెళ్లారు. మిల్లీలీటరుకు 50 నానోగ్రాములుంటే పట్టుకునే పద్ధతితో కొలిచినా రక్తంలో అది కనబడలేదు. మీ 1 మైక్రోమోలార్ దారికే 470 కావాలి.

కణశోధకి
చూర్ణం తినమని నేనెక్కడ అన్నాను? అదే పనిలో నానోకణాల్లో పెట్టి ఎలుకల కణితి దాకా చేర్చారు. గడ్డ నుంచి అణువును తీసుకుంటాం, గడ్డను కాదు.

ఆంకోఫార్మసీ
మీరిద్దరూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు. ఒకరిది ఈ అణువు ఏం చేయగలదని, ఇంకొకరిది ఈ గడ్డ తింటే ఏమవుతుందని. కీమో కౌంటర్ దగ్గర రెండో ప్రశ్నే అడుగుతారు. 'ఇనుముతో క్యాన్సర్ కణాలను చంపుతుందట, రెండు చెంచాలు వేసుకోనా' అని. అశ్వగంధతో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. కీమో మధ్యలో ఎంజైములు పెరిగితే ఏది కారణమో తేలక డోసు ఆపాల్సి వస్తుంది.

బయోకెం_వరంగల్
నేను మొదటి నుంచీ అడగాల్సింది అదే. మీరు రాసేదాని శీర్షికలో గడ్డ పేరు తీసేసి, గాఢత రాయండి.

కణశోధకి
గాఢత రాస్తాను. గడ్డ పేరు తీయను. అణువు ఎక్కడి నుంచి వచ్చిందో దాచిపెడితే అదీ అబద్ధమే. 'నోటి ద్వారా ఈ స్థాయి రాదు' అన్న వాక్యం మాత్రం మొదటి పేరాలోనే పెడతాను.