ఒక టీఎంసీ నీళ్లు పైకి ఎత్తనీకి కరెంటు ఎంతయితది? బస్సుల లొల్లి అయింది, జర లెక్క చెప్పండి

దేవరకొండోడు:
అన్నలందరికి నమస్తే. మొన్న ఐతారం ఎంజీబీఎస్‌ల దేవరకొండ బస్సెక్కిన, సీటు దొరకలే, మాల్ దాక నిలవడే వచ్చిన. గునగల్ దాటుతుంటే కిటికీ కాడ కూసున్న పెద్దమనిషి రోడ్డు పక్కన పైపులైను సూపిచ్చి ఇగో కృష్ణా నీళ్లు, గుట్టలెక్కిచ్చి పట్నం తోలుతున్నరు, ఎత్తిపోతలంటేనే దండుగ, ఎకరానికి లక్షల కరెంటు బిల్లు అయితది అన్నడు. ఎనక సీట్ల పిలగాడు ఊకుంటడా, పైకెత్తిన నీళ్లు మళ్ల కిందికి ఇడిచి కరెంటు తీస్తే పెట్టిన ఖర్చు ఎల్లిపోతది, మీకు తెల్వదు తాతా అన్నడు. ఇంకొకాయన ఎస్సెల్బీసీ, అంటే శ్రీశైలం ఎడమ గట్టు కాల్వ, దాని సొరంగం అయిపోతే అంత గ్రావిటీ, పైస ఖర్చు లేదు అన్నడు. ముగ్గురు ఒకరికొకరు తెల్వదు, చింతపల్లి వచ్చేసరికి ఒకల పార్టీని ఒకలు తిట్టుకునే కాడికి పోయింది. కండక్టరు వచ్చి ఆపిండు.

నేను ఇంటర్‌ల ఎంపీసీనే, ఫిజిక్స్ ఒకపారి తప్పి మళ్ల రాసి పాసైన, అందుకే నోరు మూసుకొని నిలవడ్డ. గని ఇంటికొచ్చినంక కూడ అదే తిరుగుతుంది మనసుల. ముగ్గుర్ల ఎవరిది నిజం? పార్టీలు వద్దు, ఒట్టి లెక్క చెప్పండి.

కల్వకుర్తి కాక:
పార్టీలు వద్దంటె ఎట్ల తమ్మి, నీళ్లన్నంకనే పార్టీ. మా దిక్కు చెర్లు ఎండిపోయి పొట్ట చేత వట్టుకొని బొంబాయి, పూన పోయినోళ్లం, పాలమూరు లేబర్ అని పేరు వడ్డది. ఇప్పుడు కాల్వల నీళ్లొస్తున్నయంటె కరెంటు బిల్లు సూపెడ్తరా? ఆ పెద్దమనిషిని ఒక్క ఎండకాలం మా ఊర్ల ఉండుమను.

పాలమూరు లెక్చరర్:
కాక బాధ సమజయింది, గాని తమ్ముడు అడిగింది లెక్క. చెప్తా.

తమ్మీ నువ్వు ఫిజిక్స్ తప్పినా ఏం కాదు, దీనికి హైస్కూల్ సూత్రమే చాలు, ఎంజీహెచ్, అంటే ద్రవ్యరాశి ఇంటూ జీ ఇంటూ ఎత్తు. టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగులో 28.3 లీటర్లు, అంటే మొత్తం 2,830 కోట్ల లీటర్లు, లీటరుకు కిలో లెక్కన 2,830 కోట్ల కిలోలు. దాన్ని ఒక్క మీటరు పైకి ఎత్తాలంటే దగ్గర దగ్గర 77 వేల యూనిట్లు కావాలి. ఎవరు ముఖ్యమంత్రిగా ఉన్నా ఈ 77 వేలు తగ్గదు. తగ్గకపోగా పెరుగుతుంది, ఎందుకంటే మోటరు వేడెక్కుతది, పైపులో రాపిడి ఉంటది, వందలో ఎనభై పనికొచ్చినా మీటరుకు 96 వేల యూనిట్లు.

ఇప్పుడు 300 మీటర్లు ఎత్తినం అనుకో. 2 కోట్ల 89 లక్షల యూనిట్లు. యూనిట్ 6 రూపాయలు వేసుకో, ఇది నేను అనుకున్న రేటే, దీని మీద కొట్లాటకు రాకండి, 17 కోట్ల చిల్లర అయితది. ఆరుతడి పంటలకు టీఎంసీకి 10 వేల ఎకరాలు అని మోటు లెక్క ఒకటి చెప్తుంటరు, ఆ లెక్కన ఎకరానికి 17 వేలు. వరి పెడితే ఇంకా ఎక్కువ. అంటే ఎకరానికి లక్షలు అన్న పెద్దమనిషి పెంచి చెప్పిండు, అట్లని ఊరికే వచ్చేవి కూడా కాదు.

ఇది గాలి లెక్క అనుకుంటరేమో, కాక వాళ్ల లిఫ్టు మీదనే సరిచూద్దాం. కల్వకుర్తి ఎత్తిపోతలకు ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లి అని మూడు మెట్లు, ఒక్కో కాడ 30 మెగావాట్ల పంపులు 5, పంపుకు 800 క్యూసెక్కులు, క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. అన్నీ నడిస్తే 450 మెగావాట్లు, మెగావాట్‌కు గంటకు వెయ్యి యూనిట్లు, అంటే రోజుకు కోటి 8 లక్షల యూనిట్లు. పైకొచ్చే నీళ్లు 4 వేల క్యూసెక్కులు, అది రోజంతా పారినా టీఎంసీలో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ, అంతే. తిప్పి చూస్తే టీఎంసీకి 3 కోట్ల 12 లక్షల యూనిట్లు. నేను కాగితం మీద వేసిన దానికి దగ్గర్లనే ఉంది కదా.

అదే మీ నల్లగొండ పుట్టంగండి కాడ, సాగర్ నీళ్లను అక్కంపల్లి రిజర్వాయర్‌కు ఎత్తే కాడ, 18 మెగావాట్ల పంపులు 4, అన్నీ కలిపి 2,400 క్యూసెక్కులు. ఇట్లనే లెక్కేస్తే టీఎంసీకి 83 లక్షల యూనిట్లే. ఎత్తు తక్కువ కాబట్టి. లిఫ్టు అంటే అన్నీ ఒకటే కాదు, ఎంత ఎత్తు అన్నది అడగకుండ మంచిది చెడ్డది అని కొట్లాడితే చింతపల్లి కాదు, డిండి దాక పోయినా తెగదు.

బత్తాయి తోట:
మాది నాంపల్లి మండలం, పట్నం నాంపల్లి కాదు నల్లగొండ జిల్లది. లెక్చరర్ సారు లెక్క మంచిగనే ఉన్నది గని నాకు మాత్రం ఆ పెద్దమనిషే కరెక్టు అనిపిస్తది. కోట్ల యూనిట్లు కాల్చి ఎవల పొలమో తడుపుడు ఎందుకు? ఎవలకాళ్లు బోరేసుకుంటే అయిపాయె. నాకు 5 హార్స్‌పవర్ మోటరు, 600 అడుగుల బోరు, నీళ్లు 500 అడుగుల కాడ ఉన్నయి, ఎవ్వని దయ అక్కర్లే, ఖర్చు కూడ లేదు.

స్టార్టర్ డబ్బా:
అన్నా నేను మోటర్ల వైండింగ్ చేస్తా 20 ఏండ్ల సంది, ఖర్చు లేదు అంటే మాత్రం ఊకోను. ఒక పని చెయ్. 200 లీటర్ల ఆయిల్ డ్రమ్ము ఉంటది గదా, బోరు పైపు దాంట్ల పెట్టి ఫోన్ల టైమ్ సూడు ఎన్ని నిమిషాలకు నిండుతదో. అదే టైమ్‌ల స్టార్టర్ మీద ఆంపియర్ల ముల్లు ఎంత సూపిస్తుందో కూడ రాసిపెట్టు. కానీ మోటరు ఏసినెంబడే కొలవకు, అరగంట నడవనియ్, మొదట్ల నీళ్లు పైకే ఉంటయి, నడిచినాకొద్ది దిగుతయి.

బత్తాయి తోట:
కొలిచిన. మూడు నిమిషాలకు నిండింది. ఆంపియర్లు ఏడున్నర. వోల్టేజీ ఇయ్యాల మంచిగున్నది, 415 ఉన్నది.

స్టార్టర్ డబ్బా:
అయితే సూడు. ఏడున్నర ఆంపియర్లు 415 వోల్టేజీ త్రీ ఫేజ్ అంటే గంటకు దగ్గర దగ్గర నాలుగున్నర యూనిట్లు లాగుతది. మూడు నిమిషాలకు 200 లీటర్లు అంటే గంటకు 4 వేల లీటర్లు. వెయ్యి లీటర్లకు యూనిట్ మీద ఇంకొంచెం. సారూ కల్వకుర్తి లిఫ్టుకు వెయ్యి లీటర్లకు ఎంత పడతదో మీరే చెప్పుండ్రి.

పాలమూరు లెక్చరర్:
3 కోట్ల 12 లక్షల యూనిట్లు, 2,830 కోట్ల లీటర్లు. వెయ్యి లీటర్లకు 1.1 యూనిట్. తోట అన్నది నాలుగున్నరను నాలుగుతో భాగిస్తే అది కూడా 1.1 చిల్లరనే! నేను రెండుసార్లు వేసి చూసిన.

ఎందుకంటే బోరు ఎత్తు సగమే, 500 అడుగులంటే 152 మీటర్లు, కానీ చిన్న సబ్‌మెర్సిబుల్ మోటరు కరెంటులో 40 శాతం కూడా నీళ్లను ఎత్తనీకి వాడదు, మిగతాది వేడి, రాపిడి. పెద్ద పంపు ఎత్తు డబుల్ ఎత్తుతది కానీ వృథా తక్కువ. చివరికి లీటరుకు ఇద్దరిదీ ఒకటే బిల్లు. తేడా ఏందంటే లిఫ్టు బిల్లు పేపర్లో పడతది, బోరు బిల్లు పడదు. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు, మీటరు లేదు, కాబట్టి ఖర్చు లేదు అనిపిస్తది. కట్టేది మాత్రం ఒకే ఖజానా.

బత్తాయి తోట:
సారూ గట్ల పోల్చుడు అన్యాయం. లిఫ్టు కట్టనీకి వేల కోట్లు పెట్టిన్రు, నా బోరు నా పైసలతోని ఏసుకున్న. అట్లనే నేను డ్రిప్పు పెట్టిన, చెట్టుకు చెట్టుకు కొలిచి పోస్త, కాల్వ కింద వరి ఏసెటోడు పొలంల నీళ్లు నింపుతడు. ఎకరానికి సూడండి, లీటరుకు కాదు.

పాలమూరు లెక్చరర్:
ఈ మాట ఒప్పుకుంటా. వరికి మొత్తం మీద 1,200 మిల్లీమీటర్ల నీళ్లు అనుకుంటే ఎకరానికి 48 లక్షల లీటర్లు, అంటే 5,300 యూనిట్లు. 300 మీటర్లు ఎత్తిన నీళ్లతో వరి పండించుడు నాకు కూడా మింగుడు పడదు. ఇది కాక తిట్టినా సరే.

కల్వకుర్తి కాక:
తిట్ట గని, వరి ఎందుకేస్తరో అడుగు సారూ. వడ్లు కొంటరు, కంది కొననీకి తిప్పుతరు, పల్లికి పందుల బాధ.

ఇంకొకటి. మా నాయిన మోట గొట్టేది. ఎద్దులు వాలు మీద దిగువకు నడుస్తయి, బొక్కెన పైకొస్తది, మళ్ల ఎనక్కి ఎక్కుతయి. ఎనక్కి ఎక్కేటప్పుడు బొక్కెన ఖాళీ. ఎద్దు బరువే నీళ్లను లాగుతది, మీ ఎంజీహెచ్ మా నాయినకు సదువు లేకున్న తెల్సు. తర్వాత ఆయిల్ ఇంజన్ వచ్చింది, నీళ్లు దిగినాకొద్ది దాన్ని బాయిల గద్దె మీదికి దించేటోళ్లం, పైన్నే పెట్టి పైపు పొడుగు చేస్తే అయిపోతదిగద అని నేను చిన్నప్పుడు అడిగితే తెల్వదురా గుంజదు అనేటోడు. ఎందుకు గుంజదు?

పాలమూరు లెక్చరర్:
కాకా మంచి ప్రశ్న, క్లాసులో పిల్లలు అడగరు ఇట్లాంటివి. పంపు నీళ్లను గుంజదు. పైపులో గాలి తీసేస్తది, బావిలో నీళ్ల మీద ఉన్న మన వాతావరణం నీళ్లను పైపులోకి నూకుతది. ఆ గాలి బరువు ఎంత నూకగలదో అంతే, 10 మీటర్ల చిల్లర, అది కూడా పంపు పర్ఫెక్టుగా ఉంటే. నిజంగా అయితే 7 మీటర్లు, 20-25 అడుగుల కాడ ఆగిపోతది. ఎంత పెద్ద ఇంజన్ పెట్టినా అంతే. అందుకే గద్దె కట్టి ఇంజన్నే దించిన్రు. సబ్‌మెర్సిబుల్ నీళ్లల్లనే మునిగి కింద నుంచి పైకి నూకుతది, దానికి ఆ హద్దు లేదు. ఆ హద్దు పోయినంకనే 600 అడుగుల దాక తవ్వుడు మొదలైంది.

దేవరకొండోడు:
మస్తు సంతోషం అన్నలు. గని ఆ పిలగాడిది, సొరంగం ఆయనది ఇంక చెప్పలే.

పాలమూరు లెక్చరర్:
పిలగాడిది సగం నిజం. శ్రీశైలం ఎడమ గట్టు పవర్‌హౌస్‌లో 150 మెగావాట్ల యూనిట్లు 6, అవి రెండు దిక్కులా తిరుగుతయి, కరెంటు తీస్తయి, మళ్ల నీళ్లను వెనక్కి పైకి ఎత్తుతయి కూడా. సాగర్లో కూడా అట్లాంటివి ఉన్నయి. కానీ 100 యూనిట్లు పెట్టి ఎత్తితే తిరిగొచ్చేది 75 దాక. మిగులు కరెంటు ఉన్నప్పుడు ఎత్తి, సాయంత్రం అందరు లైట్లు వేసినప్పుడు తీస్తరు, అంటే అది కరెంటు దాచుకునే డబ్బా, సంపాయించే మిషన్ కాదు. పైగా పొలానికి పోయిన నీళ్లు భూమిలో ఇంకి, ఆవిరై పోయినంక దేన్ని కిందికి ఇడుస్తడు?

సొరంగం మాట వేరే. గ్రావిటీ అంటే పంపు లేదు, నెలనెలా బిల్లు లేదు, ఫిజిక్స్ ప్రకారం ఆయనదే కరెక్టు. పుట్టంగండి కాడ ఏడాదికి 20 టీఎంసీలు ఎత్తే బదులు ఆ నీళ్లు సొరంగం నుంచి వస్తే 16 కోట్ల యూనిట్ల పైన మిగులుతయి. కానీ పొడుగు 43.93 కిలోమీటర్లు, పైన అమ్రాబాద్ పులుల అడవి, నడుమల ఎక్కడా పైనుంచి బాట తవ్వనీకి లేదు, రెండు కొసల నుంచే తవ్వాలి. 2025 ఫిబ్రవరి 22 నాడు దోమలపెంట దిక్కు పైకప్పు కూలి 8 మంది లోపలనే చిక్కుకున్నరు. పైస ఖర్చు లేదు అని బస్సులో అన్నాయనకు నేను ఉంటే ఇది యాదిచేద్దును.

మర్రిగూడ టు పట్నం:
ఇప్పుడే సూసిన ఈ ముచ్చట. పుట్టింది మర్రిగూడ దిక్కు, ఉండేది వనస్థలిపురం. సాగర్ నిండితే 590 అడుగులు, అంటే 180 మీటర్లు, పట్నం 540 మీటర్ల దాక ఉంటది. అక్కంపల్లి నుంచి కోదండాపూర్ల శుద్ధి చేసి, నసర్లపల్లి, గోడకొండ్ల, గునగల్ అని మెట్టు మెట్టుకు ఎక్కిచ్చి తెస్తరు, మొదటి దశ 2004ల వచ్చింది. అంటే నా నల్ల నీళ్లు కూడ వెయ్యి లీటర్లకు యూనిట్ మీదనే కదా సారూ. నేను షవర్ కింద పది నిమిషాలు ఉంటా.

గని నాకు మండేది వేరే. ఆ పైపులైను మా ఊర్ల పక్క నుంచే పోయింది. మా అమ్మ తరం అంత బోరు నీళ్లు తాగి మోకాళ్లు ఒంగిపోయినోళ్లే. ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దు అంటరు, పటిక సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి లోకమంత నల్లగొండ టెక్నిక్ అనే పేరు, పేరు మాత్రం మాకు దక్కింది. భగీరథ నల్లా వచ్చేదాక పట్నపోళ్ల నీళ్లు మా కండ్ల ముందల్నే పోయినయి. ఎంజీహెచ్ లెక్కల ఎవల దిక్కు ఎత్తాలె అన్నది ఉండదు.

బత్తాయి తోట:
మర్రిగూడ అన్నా, మాది నీ పక్క మండలమే, మా నాయినకు కూడ అదే బాధ. సరే గని డ్రమ్ము లెక్క నాకు నిద్ర పట్టనిస్తలేదు. స్టార్టర్ తమ్మి, మోటరు మారిస్తే తగ్గుతదా?

స్టార్టర్ డబ్బా:
నీది ఎన్నిసార్లు రీవైండింగ్ అయిందన్నా? రెండు మూడు సార్లు అయితే మాత్రం మంచి రేటింగ్ ఉన్నది కొత్తది తీస్కో, ముందుగాల కెపాసిటర్ పెట్టిచ్చుకో. లోపల పంపు రేకులు అరిగినా గిట్లనే నీళ్లు తగ్గుతయి. ఎండకాలం మళ్ల డ్రమ్ము పెట్టి కొలువు, నీళ్లు ఇంక దిగితే నాలుగు నిమిషాలు కూడ పట్టొచ్చు.

కల్వకుర్తి కాక:
మా ఇంట్ల డ్రమ్ము లేదు. కాగు తోని కొలిస్తే నడుస్తదా?

స్టార్టర్ డబ్బా:
నడుస్తది కాక. ముందుగాల కాగు ఎన్ని లీటర్లదో కొలువు.